ఎరుపు గిట్టని మనిషి

మా పాత ఆఫీసు వాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పండగలకి దీపాల బొమ్మలు, ఆదివారాలకి సూక్తులు తప్ప అందులో ఏమీ రావు. మొన్న పెరేడ్ గ్రౌండ్స్ స్టేషన్లో మెట్రో మారుతుంటే ఫోను ఆగకుండా మోగింది. మా సార్ చనిపోయారట. నిద్రలోనే, ఏ బాధా లేకుండా వెళ్ళిపోయారట. ఆ వెంటనే నివాళులు మొదలయ్యాయి. 'గొప్ప మనసున్న మనిషి' అని ఒకరు, 'నాకు తండ్రి లాంటివారు' అని ఒకరు, 'టెక్నికల్‌గా ఆయనకి ఆయనే సాటి' అని ఇంకొకరు. ఈ మూడోది చదివి నేను ప్లాట్‌ఫారం మీదే పైకి నవ్వేశాను. పక్కన నిలబడ్డ కాలేజీ అమ్మాయి నన్ను ఒకసారి చూసి కొంచెం దూరం జరిగింది.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. సరే, ఆ మంచేదో ముందే చెప్పేస్తాను, ఒక పని అయిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు జ్వరం వచ్చి చిలకలగూడలో అద్దె గదిలో ఒంటరిగా పడి ఉంటే, ఆయన భార్య చేత మిరియాల చారు కాయించి క్యారేజీలో పంపించారు. చారు బాగుంది. మంచి అక్కడితో అయిపోయింది.

విమానాశ్రయం శంషాబాదుకి తరలిపోయి బేగంపేట ఆకాశంలో చప్పుడు ఆగిపోయిన కొత్తలు అవి. ఇంజనీరింగ్ చదివిన ప్రతివాళ్ళూ మాదాపూర్ వైపు పరిగెడుతుంటే, నేను బేగంపేటలో ఒక కంపెనీలో పడ్డాను. బ్యాంకులకీ, ఆసుపత్రులకీ, చిన్నాచితకా ఆఫీసులకీ మా కంపెనీ డేటా లైన్లు ఇచ్చేది. మేం కూర్చునే గదిలో గోడ నిండా తెరలు. ఒక్కో కస్టమరు పేరుకి ఒక్కో వరస. లైను బాగుంటే ఆ వరస పచ్చగా ఉంటుంది, తెగితే ఎర్రబడుతుంది. ఎరుపు వస్తే రిపేరు మనిషిని పంపడం మా ఉద్యోగం. ఆ గదికి ఆయన అధిపతి.

ఇంటర్వ్యూలో నన్ను నెట్‌వర్కుల గురించి ఒక్క ముక్క అడగలేదు.

"ఏ ఊరమ్మా?" అన్నారు.

"విజయనగరం అండి."

"విజయనగరంలో ఎక్కడ? ఎవరమ్మాయివి? ఇంటిపేరు?" అన్నారు. ఇంటిపేరు విని కళ్ళు చిట్లించి, ఆ పేరు ఎవరి వైపు పడుతుందో లెక్క కట్టుకున్నారు. లెక్క తేలలేదు కాబోలు, "అమ్మగారి వైపు ఎవరు?" అన్నారు. అదీ అయ్యాక ఆఫీసు బాయ్‌ని పిలిచి కాఫీ తెప్పించారు. నేను ఎంపికైపోయానని ఆ కాఫీతో తెలిసింది. ఆయనది గోదావరి వైపు. ఆ వైపు మర్యాద అంతా మాటలో ఉండేది. మనిషిని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, 'అమ్మా' అని పిలిచి, అడిగిన పని మాత్రం చెయ్యకుండా పంపించడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఆ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విప్పాలి. యంత్రాల మీద దుమ్ము పడకుండా అనుకునేరు, అదేం కాదు. "లక్ష్మి ఉండే చోటమ్మా" అనేవారు. ఏసీ చలికి మా పాదాలు కొంకర్లు పోయేవి. ఆయన బల్ల కింద మాత్రం మెత్తటి ఇంటి చెప్పులు ఒక జత ఉండేవి. వాటి విషయంలో లక్ష్మికి అభ్యంతరం లేదు కాబోలు.

పొద్దున్నే స్టీలు గ్లాసులో కాఫీ పట్టుకుని గోడ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేవారు. పెదాలు కదిలేవి. అన్నీ పచ్చగా ఉంటే "శుభం" అని వెళ్ళి కూర్చునేవారు. ఎక్కడైనా ఎరుపు కనిపిస్తే మొహం ముడుచుకుపోయేది. ఆ లైను ఎందుకు తెగింది, అవతల ఎవరి పని ఆగిపోయింది అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఈ ఎరుపు ఎప్పుడు తగ్గుతుందమ్మా?" అనేవారు, ఒంటి మీద దద్దుర్ల గురించి డాక్టర్ని అడిగినట్టు.

'డౌన్' అనే మాట మా నోటివెంట రాకూడదు. "అబ్జర్వేషన్‌లో ఉంది అనాలమ్మా. అశుభం పలక్కూడదు" అనేవారు. నా పక్క కుర్చీలో కూర్చునే ఇంజనీరు యాదగిరి లాలాపేట కుర్రాడు. సార్ అటు తిరగ్గానే నా చెవి దగ్గరికి వంగి, "మా తాత సుత శానేండ్ల సంది అబ్జర్వేషన్లనే ఉన్నడు. ఫోటోకు దండేసినం" అన్నాడు. నేను నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించాను.

ఆయన సంగతి పూర్తిగా తెలియాలంటే ఆయన షుగరు పరీక్ష గురించి చెప్పాలి. ఆయనకి మధుమేహం ఉండేది. రక్తం ఇచ్చే రోజు దగ్గర పడుతోందంటే ముందునుంచే కాఫీలో చక్కెర మానేసి, మధ్యాహ్నం క్యారేజీలో రెండు పుల్కాలు, కాకరకాయ కూరతో కఠినమైన పథ్యం చేసేవారు. రిపోర్టు చక్కగా వచ్చేది. దాన్ని జేబులో పెట్టుకుని బల్ల బల్లకీ తిరిగి చూపించేవారు. ఆ సాయంత్రమే ప్యారడైజ్ దగ్గర మిఠాయి కొట్టు నుంచి జాంగ్రీ తెప్పించుకుని తినేవారు. "సార్, షుగరు ఉంది కదండీ" అని ఎవరైనా అంటే, నొచ్చుకున్న మొహంతో రిపోర్టు మళ్ళీ బయటికి తీసేవారు. ఇది చూసి మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆయన ఒంటిని చూసుకున్నట్టే మా లైన్లనీ చూసుకుంటున్నారని అప్పటికి తట్టలేదు.

ఇక్కడ మా పని గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. లైనుకి ఒక చివర మా ఆఫీసు, ఇంకో చివర కస్టమరు దగ్గర మేం పెట్టే చిన్న డబ్బా. మధ్యలో ఊరంతా ఉంటుంది, తవ్విన రోడ్లు, నాలాలు, ఎలుకలు. లైను బతికుందో లేదో తెలియాలంటే రెండు చివర్లలోనూ ఒక్కొక్క కాపలా పెట్టాలి. పుస్తకాల్లో వాటిని మెయింటెనెన్స్ ఎండ్‌పాయింట్లు అంటారు. మనుషులేం కారు, ఆ యంత్రాల్లో మేం రాసిపెట్టే కొన్ని ఆదేశాలు. ఇటు కాపలా క్షణక్షణం 'నేనున్నాను' అంటుంది, అటు కాపలా కూడా 'నేనున్నాను' అంటుంది. ఒకదాని మాట రెండోదానికి వరసగా కొన్నిసార్లు వినపడలేదంటే మధ్యలో ఏదో తెగిందన్నమాట. తెర మీద ఎరుపు వస్తుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఉన్నదల్లా ఒకటే నియమం, రెండో కాపలా కస్టమరు దగ్గర ఉండాలి.

అప్పట్లో కరెంటు కోతలు. పైగా కస్టమర్లలో సగంమంది సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు లైట్లతో పాటు మా డబ్బా స్విచ్చి కూడా ఆపేసి ఇంటికి పోయేవాళ్ళు. దాంతో అటు కాపలా నోరు మూసుకునేది, ఇక్కడ గోడ ఎర్రబడేది. ఈ గోడని బొంబాయిలో హెడ్డాఫీసు వాళ్ళు కూడా తమ తెర మీద చూస్తారు. సాయంత్రం అయ్యేసరికి సార్‌కి చెమటలు పట్టేవి. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి తన ఆలోచన చెప్పారు.

"వాళ్ళింట్లో కరెంటు పోతే మన గోడకెందుకమ్మా మరక? ఆ రెండో ఎండ్‌పాయింటు తెచ్చి మన కింది అంతస్తులో నెట్‌వర్కు యంత్రంలో పెట్టేయండి. మన బిల్డింగు, మన జనరేటరు. ఎప్పుడూ చక్కగా పచ్చగా ఉంటుంది."

వేళాకోళం అనుకున్నాను. కాదని తెలిశాక, "సార్, అప్పుడు మనం చూసేది కస్టమరు లైను కాదు కదండీ. మన మెట్ల పక్కన కేబులు ఒక్కటే" అన్నాను.

"మనది బాగుంటే అన్నీ బాగున్నట్టేనమ్మా" అన్నారు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

వరసపెట్టి కస్టమర్లందరి కాపలాలూ ఇలాగే మా బిల్డింగులోకి వచ్చేశాయి. పై అంతస్తులో ఒకటి, కింది అంతస్తులో ఒకటి. 'నేనున్నాను', 'నేనూ ఉన్నాను' అని రోజంతా ఒకదాన్నొకటి పలకరించుకునేవి. ఊరంతా తవ్వి పారేసినా వాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు. గోడ పచ్చబడిపోయింది. బొంబాయి నుంచి ఉత్తమ సేవకి ఒక షీల్డు వచ్చింది. ఆయన దానికి కుంకుమ బొట్టు పెట్టి, మా అందరికీ పూతరేకులు పంచారు. నేనూ తిన్నాను. మంచి నెయ్యి.

ఇంతటితో ఆగితే ఇది నవ్వుకుని మరిచిపోయే సంగతి. కానీ ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. గోడ మీద ఎరుపు ఉంటేనే రిపేరు మనిషి కదలాలి. ఎరుపు లేకుండా కస్టమరు ఎంత మొత్తుకున్నా ఫిర్యాదు కొట్టేయాలి. ఈ రెండు నియమాల మధ్య చిక్కుకుంది సునందగారు.

ఆవిడ బొల్లారంలో తన ఇంటి మేడ మీద మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ సెంటర్ నడిపేది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి రికార్డు చేసిన మాటల్ని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, టైపు చేసి, చెప్పిన వేళకి తిప్పి పంపాలి. ఆ రోజుల్లో సికింద్రాబాదులో గల్లీకొకటి ఉండేవి ఇలాంటివి. చుట్టుపక్కల డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న అమ్మాయిల్ని పోగేసి, ఆ డాక్టర్ల ఉచ్చారణ వాళ్ళకి ఆవిడే దగ్గర కూర్చుని నేర్పింది. మా లైను ఆవిడ దగ్గర మధ్యాహ్నాలు చచ్చిపోయేది. ఎప్పుడు తిరిగి వస్తుందో తెలియదు.

"నమస్తే బిడ్డా, బొల్లారం సునందను. మల్ల బందయ్యింది" అనేది ఫోనులో. "పొద్దుగాల మంచిగుండె. ఇప్పుడు ఫైలు సగం పోయి ఆగింది. జెర ఎవరినన్న పంపుండ్రి. టైముకు పోకుంటే క్లయింట్ పని వేరేటోళ్లకు ఇస్తడు."

నేను తలెత్తి చూసేదాన్ని. ఆవిడ వరస పచ్చగా ఉండేది. సార్ దగ్గరికి వెళ్ళి చెప్పేదాన్ని.

"గోడ చూశావా?"

"చూశానండి."

"ఏ రంగు?"

"పచ్చేనండి. కానీ సార్, ఆ పచ్చ..."

"మరి ఇంకేం?" అని ఫోను తను అందుకునేవారు. "అమ్మా, నేను మీ లైను చూస్తూనే మాట్లాడుతున్నానండి. చిలకలా ఉంది. మీ కంప్యూటర్లు ఒకసారి ఆపి మళ్ళీ వేయించండి." ఫోను పెట్టేశాక, "చదువు లేనివాళ్ళకి లైన్లు ఇస్తే ఇదే గొడవమ్మా" అనేవారు. ఆవిడ ఎమ్మెస్సీ. ఆయన ఏం చదివారో ఎవరికీ తెలియదు.

ఒకరోజు ఆవిడ స్కూటీ మీద బొల్లారం నుంచి వచ్చేసింది. ఒక చేత్తో హెల్మెట్టు పట్టుకుని, గుమ్మం బయట చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, టీచరమ్మలా ఉంది. సార్ లేచి నిలబడి నమస్కారం పెట్టారు. కుర్చీ వేయించారు, కాఫీ తెప్పించారు. కుర్చీని గోడ వైపు తిప్పించి, జేబులోంచి పాయింటరు తీసి, ఆ వెలుగు చుక్కతో ఆవిడ పేరు కింద గీత గీశారు.

"ఇదిగోనమ్మా మీరు. చక్కగా ఉన్నారు."

ఆవిడ చాలాసేపు చూసింది. "సార్, మీ గోడ మీద మంచిగనే ఉంది. నా కాడ ఆడపిల్లలు చేతులు ముడుసుకొని కూసున్నరు. క్లయింట్ ఈ నెలాఖరుదాంక సూస్త అన్నడు. ఆయన పోతే సెంటర్ మూసుడే. ఒక్కసారి మీ మనిషొచ్చి సూస్తే ఏమైతది?"

"ఏం లేకుండా మనిషిని పంపితే బాగున్న లైను కెలికినట్టవుతుందమ్మా. కంగారు పడకండి. లోపం మీ లోపల ఎక్కడో ఉంది, నిదానంగా చూసుకోండి." ఈ తీరులో ఆయన ఎంతసేపు మాట్లాడారంటే, చివరికి ఆవిడకే అనుమానం వచ్చింది, తన కంప్యూటర్ల మీద, తన దగ్గర పనిచేసే పిల్లల మీద, తన మీద. లేచి నిలబడి, "మీకు తక్లీఫ్ ఇచ్చిన, ఏమనుకోకుండ్రి" అంది. న్యాయంగా తిట్టాల్సిన మనిషి క్షమాపణ చెప్పుకుని వెళ్తోంది. ఆయన దాన్ని పెద్దమనసుతో స్వీకరించారు.

ఆవిడ వెనకే మెట్లు దిగి, "మేడమ్, ఆ గోడని నమ్మకండి. అది మీ లైను కాదు" అన్నాను.

"మరేంది?"

పక్కనే గోడ వెంట కిందికి దిగుతున్న కేబులు చూపించాను. "మేం చూసేది ఇది. మీ దాకా మేం చూడడం లేదు. రేపు పొద్దున మీ డబ్బాలో కాపలా పెడతాను. లైను పోయినప్పుడు ఇక్కడ ఎరుపు వస్తుంది. ఎరుపు వస్తే మనిషిని పంపి తీరాలి."

ఆవిడ కేబులు వైపు, నా వైపు చూసింది. నన్ను నమ్మాలా వద్దా అని ఆలోచించుకున్నట్టుంది. చివరికి, "ఎర్రగనే చెయ్యి బిడ్డా. నీకు పుణ్యముంటది" అంది.

మర్నాడు సార్ రాకముందే ఆ పని చేశాను. కింది అంతస్తులో కాపలాని తీసేసి, కూర్చున్నచోటి నుంచే బొల్లారం డబ్బాలో పెట్టాను. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఆ వరస ఎర్రబడింది. ఎరుపు చూసి అంత సంతోషపడిన ఇంజనీరు ప్రపంచంలో ఇంకొకరు ఉండరు. యాదగిరి "షురూ అయ్యింది" అంటూ రిపేరు మనిషికి ఫోను కలిపాడు. ఈలోగా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చారు. గోడ మధ్యలో ఆ ఒక్క గీత చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంటిది?"

"బొల్లారం లైను పోయిందండి. ఆవిడ చెప్పింది నిజమే. మనిషిని పంపుతున్నాం."

"పొద్దున బాగుంది కదా?"

"నిన్నటిదాకా మనం చూడనే లేదండి. ఇవాళే చూస్తున్నాం. ఎండ్‌పాయింటు నేను అక్కడికి మార్చాను."

ఆయన నా వైపు అలాగే చూశారు. కోపం లేదు ఆ చూపులో. నిజంగా బాధ. "ఎంత పని చేశావమ్మా. నిన్నటిదాకా నిక్షేపంగా ఉన్న లైను. నువ్వు చెయ్యి పెట్టావు, పోయింది" అన్నారు.

వెటకారం అనుకున్నాను. మొహంలోకి చూస్తే కాదు. ఆయన యాదగిరి చేత కాపలాని మళ్ళీ కిందికి తెప్పించారు. వరస పచ్చబడింది. "చూశావా? బాగైపోయింది" అన్నారు, బిడ్డకి జ్వరం దిగినంత ఊరటగా. రిపేరు మనిషిని రావద్దన్నారు. ఆ సాయంత్రానికల్లా సెట్టింగులు మార్చే అధికారం నాకు లేకుండా చేశారు.

అంతదాకా ఆయన్ని అబద్ధాలకోరు అనుకున్నాను. అబద్ధాలకోరంటే కనీసం ఒక గౌరవం ఉంటుంది. వాడికి నిజం ఎక్కడుందో తెలుసు, దాన్ని దాచడానికి కష్టపడతాడు. ఈయనకి ఆ కష్టం కూడా లేదు. గోడని తనే పచ్చగా చేసుకుని, తను చేశానన్నది మరిచిపోయి, అది పచ్చగా ఉంది కాబట్టి లోకం పచ్చగా ఉందని నమ్మాడు. ఇలాంటివాణ్ణి అసహ్యించుకోవడం కూడా దండగే. కానీ నేను అసహ్యించుకున్నాను, ఇప్పటికీ అసహ్యించుకుంటున్నాను.

బొంబాయికి జరిగిందంతా రాశాను. వాళ్ళు దాన్ని తగు చర్య కోసం ఆయనకే పంపారు. ఆయన అది ఇంకెవరి సంగతో అన్నట్టు గదిలో అందరికీ చదివి వినిపించి, "పిల్లలకి ఉత్సాహం ఎక్కువ" అని నవ్వారు. గోడ ముందు కాఫీ తిరుగుడు మర్నాడు కూడా ఎప్పటిలాగే సాగింది.

నెలాఖరు వచ్చింది. సునందగారి ఫోన్లు ఆగిపోయాయి. నేనే చేస్తే, "అయిపోయింది బిడ్డా. వేరేటోళ్లకు ఇచ్చిండు. పిల్లలను ఇండ్లకు పొమ్మన్న" అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఒకామె ఏడ్చింది. దాని పెండ్లి జేస్తమంటున్నరట ఇంట్ల, కొలువుంటే ఆగుదురు" అని, ఇంకేదో అనబోయి పెట్టేసింది.

ఆ తర్వాత సునందగారి వీధిలోనే ఒక బ్యాంకు శాఖ తెరిచారు. లైను మాదే. దానికీ మధ్యాహ్నాలు అదే జబ్బు. గోడ మీద అదీ పచ్చే. కానీ ఆ బ్యాంకు పెద్ద అధికారిది సార్ వాళ్ళ పక్క ఊరు. ఫోను రాగానే సార్ గోడ వైపు తల కూడా తిప్పలేదు. "మనవాడమ్మా" అని తనే రిపేరు మనిషికి ఫోను చేసి తరిమారు. బొల్లారం రైల్వే గేటు పక్కన పెట్టెలో ఒక జాయింటు వదులై, ఎండ ముదిరేసరికి విడిపోతోందట. అరపూట పని. సాయంత్రానికి అయిపోయింది.

"సార్, సునందగారి లైను కూడా ఆ జాయింటు మీదుగానే కదండీ వెళ్ళేది" అన్నాను.

"ఆవిడది ఎప్పుడూ బాగానే ఉందిగా" అన్నారు.

ఆ వారంలోనే సునందగారు వచ్చింది. సెంటర్ ఖాళీ చేస్తోందట, మా డబ్బా తిరిగి ఇవ్వాలి కదా. మనిషిని పంపి తీసుకెళ్ళమంటే ఎవరూ రాలేదట, తనే స్కూటీ ముందు పెట్టుకుని తెచ్చింది. తీగలు చక్కగా చుట్టి రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. సార్ ఎప్పటిలాగే లేచి నమస్కారం పెట్టి, కుర్చీ వేయించి, కాఫీకి కబురు చేశారు. ఆవిడ డబ్బాని ఆయన బల్ల మీద పెట్టింది. నేను రసీదు రాస్తున్నాను.

రాయడం అయ్యి తలెత్తేసరికి ఆవిడ గోడ వైపు చూస్తోంది. ఆ వరసల మధ్య తన సెంటర్ పేరు ఇంకా ఉంది. పచ్చగా ఉంది. ఆవిడ చూపు గోడ మీంచి బల్ల మీది డబ్బా మీదికి దిగింది, మళ్ళీ గోడ మీదికి వెళ్ళింది. యాదగిరి టైపు చేయడం ఆపేశాడు.

సార్ ఆవిడ చూపు వెంట తనూ చూశారు. మొహం విప్పారింది. పాయింటరు తీసి, ఆ పేరు కింద మెల్లిగా గీత గీశారు.

"చూశారామ్మా, మీరే తొందరపడి మానేశారు. మీ లైను ఇప్పటికీ ఎంత బాగుందో."

ఆవిడ డబ్బా మీద చెయ్యి వేసింది.

"అవును సార్. మంచిగుంది" అంది. "ఇగ పని జేసేటోళ్లే లేరు."

రసీదు నా చేతిలోంచి తీసుకుని, కాఫీ రాకముందే లేచి వెళ్ళిపోయింది. ఆయన బాగానే అన్నదన్నట్టు తల ఊపి, డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు జరిపారు.

"కొత్త కనెక్షనుకి పనికొస్తుంది. లోపల పెట్టమ్మా."